మోసేవారిని ఎవరు మోస్తారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒక్కటే: ఓపిక అయిపోయింది. రాసినవారి వయసులు వేరు, పరిస్థితులు వేరు. అందులో నాలుగింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. మిగతావారికి కావలసింది కూడా చాలావరకు అందులోనే ఉంది. కొత్త పాఠకుల కోసం ఒక మాట. నేను వేదాంతం చదివినదాన్ని కాను. ఉద్యోగ జీవితమంతా ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా గడిపాను. బైబిలును కూడా రోగి మంచం పక్కన కూర్చున్న మనిషిగానే చదువుతాను.

ప్రశ్న: అమ్మా, వందనాలు. నేను ఉపాధ్యాయురాలిని. మూడేళ్ళ క్రితం నాన్నగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. మాట స్పష్టంగా రాదు. అమ్మ లేదు. ఇద్దరు అన్నయ్యలు దూరాన ఉంటారు, ఆదివారం ఫోను చేస్తారు. నేను బడిలో ఉన్నంతసేపు ఒక సహాయకురాలు చూసుకుంటుంది. మిగతా సమయమంతా నేనే. రాత్రి ఎన్నిసార్లు లేవాలో చెప్పలేను. సంఘంలో ఆదివారపు బడి నాదే, స్త్రీల కూడిక లెక్కలూ నావే. ఈ మధ్య నాన్నగారు పిలిస్తే విసుగు వస్తోంది. విసుక్కున్నందుకు తరవాత ఏడుపు వస్తోంది. బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపిస్తాయి, లోపలికి ఏమీ దిగదు. సంఘ పెద్ద ఒకరితో చెప్పుకున్నాను. ఆయన "మేలుచేయుటయందు విసుకక యుందము" అనే వాక్యం చదివి, ప్రార్థన తగ్గిందేమో చూసుకోమన్నారు. "యెహోవాకొరకు ఎదురు చూచువారు నూతన బలము పొందుదురు" అని యెషయా 40:31 గోడకు రాసి పెట్టుకున్నాను. రోజూ చదువుతాను. రోజూ నిన్నటికంటే ఎక్కువ అలసటతో లేస్తాను. నాలో విశ్వాసం లేదా?

జవాబు: ఉంది తల్లీ. ఇస్తానన్నది నాకెందుకు రాలేదని దేవుణ్ణే అడుగుతున్నారు. నమ్మకం లేనివారు అలా అడగరు. కీర్తనల్లో చాలా ఆ ప్రశ్నతోనే నడుస్తాయి.

ముందు నాకు తెలిసిన సంగతి చెప్తాను. కదలలేని రోగికి రెండు గంటలకొకసారి పక్క మార్చాలి, లేకపోతే ఒళ్ళు పుండ్లు పడుతుంది. పక్షవాతం వచ్చినవారికి మింగడం కష్టమైతే నిటారుగా కూర్చోబెట్టి మెల్లగా తినిపించాలి, తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆసుపత్రిలో ఈ పని మేము మూడు షిఫ్టులవాళ్ళం పంచుకునేవాళ్ళం. డ్యూటీ అయిపోగానే రోగి సంగతులన్నీ వచ్చినవారికి అప్పగించి ఇంటికి వెళ్ళి పడుకునేవాళ్ళం. మీరు ఆ మూడు షిఫ్టుల్లో రెండు ఒక్కరే చేస్తూ, దానిపైన బయట ఒక ఉద్యోగం చేస్తూ, దానిపైన సంఘంలో రెండు బాధ్యతలు మోస్తున్నారు. మూడేళ్ళుగా సరిగా నిద్రపోని మనిషికి కన్నతండ్రి పిలుపు కూడా గద్దింపులాగే వినిపిస్తుంది. మీలో ప్రేమ తగ్గలేదు. నిద్ర తగ్గింది. ఈ రెండింటినీ కలిపి చూసుకుని మిమ్మల్ని మీరు నిందించుకుంటున్నారు.

ఆ పెద్దగారు చదివిన వాక్యం గలతీ పత్రిక ఆరో అధ్యాయం, తొమ్మిదో వచనం. మంచి వాక్యమే. కానీ అదే అధ్యాయం రెండో వచనంలో పౌలు "ఒకని భారముల నొకడు భరించి, యీలాగు క్రీస్తు నియమమును పూర్తిగా నెరవేర్చుడి" అని రాశాడు. ముందు ఆ మాట, ఆ తరవాతే విసుగుచెందవద్దన్న మాట. ఆయన రాసింది సంఘాలకు. అలసిపోయిన ఒక్క స్త్రీని ఎదురుగా నిలబెట్టి చెప్పిన మాట కాదది. రెండో వచనాన్ని పాటించని సంఘానికి తొమ్మిదో వచనం చదివి వినిపించే హక్కు లేదని నేను గట్టిగా అంటాను. వీలైతే ఈ పేజీ ఆయనకు చూపించండి.

ఇక యెషయా సంగతి. క్రీ.పూ. 586లో బబులోను సైన్యం యెరూషలేమునూ దేవాలయాన్నీ నాశనం చేసి ప్రజలను చెరపట్టుకుపోయింది. నలభయ్యో అధ్యాయం చెరలో ఉన్న అలాంటివారికి ఓదార్పు. వాళ్ళేమంటున్నారో 27వ వచనంలో ఉంది: "నా మార్గము యెహోవాకు మరుగై యున్నది." నా దారి దేవుడికి కనిపించడం లేదు అని. మీరు నాకు రాసిందీ దాదాపు అదే. దానికి జవాబుగా ప్రవక్త వాళ్ళ బలం గురించి మాట్లాడడు. దేవుడు "సొమ్మసిల్లడు అలయడు" అంటాడు. తరవాత బాలురు సొమ్మసిల్లుతారు, యౌవనస్థులు తప్పక తొట్రిల్లుతారు అంటాడు. అందరికంటే బలంగా ఉండవలసినవారే పడిపోతారని వాగ్దానానికి ముందే ఒప్పుకున్నాడు. గోడమీద 31వ వచనం ఒక్కటే ఉంటే అది మీకు పరీక్ష ప్రశ్నలాగా కనిపిస్తుంది. 27 నుంచి రాసి పెట్టుకోండి. చివర్లో ఉన్న వరుస కూడా గమనించండి. ఎగరడం మొదట, పరుగు తరవాత, నడక ఆఖరున. "సొమ్మసిల్లక నడిచిపోవుదురు" అన్నది ఆ వాగ్దానంలో చిన్న ముక్క కాదు. మీలాగా ప్రతి రోజూ అదే పని మళ్ళీ చేయవలసినవారికి దేవుడు ఇచ్చేది ఎక్కువగా అదే.

అక్కడినుంచి ఆరు అధ్యాయాలు ముందుకు వెళ్తే, నేను మళ్ళీ మళ్ళీ చదువుకునే నాలుగు వచనాలు ఉన్నాయి. బేలు, నెబో అనేవి బబులోను దేవతలు. వాటి ప్రతిమలను పశువులమీదికి ఎక్కించారు. ఆ బరువుకు పశువులు కుంగిపోతున్నాయి. వెంటనే ఇశ్రాయేలు దేవుడు మాట్లాడతాడు. పుట్టినప్పటినుంచి మిమ్మల్ని మోసింది నేనే అంటాడు. "ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే, తల వెండ్రుకలు నెరయువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే." మనుషులచేత మోయించుకునే దేవతలు ఒకవైపు, మనుషులను మోసే దేవుడు ఇంకొకవైపు. మీ ఉత్తరంలో దేవుడు కనిపించిన ప్రతిచోటా ఆయనకోసం మీరు చేయవలసిన పని ఒకటి కనిపించింది. ప్రార్థన తగ్గకూడదు, ఆదివారపు బడి ఆగకూడదు, లెక్కలు తప్పకూడదు, వాక్యం చదవాలి. ఆయన మీకోసం చేసేది ఏదీ కనిపించలేదు. మీరు మోస్తున్న బరువుల్లో దేవుణ్ణి కూడా ఒకటిగా చేర్చారెవరో. ఆయన బరువు కాదమ్మా.

మరి ఆయన మోయడం ఎలా ఉంటుంది? ఏలీయా ప్రవక్త కథలో చూడండి, మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం. కర్మెలు కొండమీద బయలు ప్రవక్తలపై అంత పెద్ద విజయం, ఆ తరవాత అహాబు రాజు రథం ముందు యెజ్రెయేలు వరకు పరుగు. రాణి యెజెబెలు చంపుతానని కబురు పంపగానే బెయేర్షెబాకు పారిపోయాడు. తోడున్న పనివాణ్ణి కూడా అక్కడే వదిలి ఒంటరిగా అరణ్యంలోకి వెళ్ళి, బదరీవృక్షం కింద కూర్చుని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నాడు. అప్పుడు దేవుడు ప్రసంగం చేయలేదు. అతణ్ణి నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. రొట్టె, నీళ్ళు. తిన్నాడు, మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్ళీ తినమన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు: "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది." శక్తికి మించిందని దేవుని పక్షంనుంచే ఒప్పుకోలు వచ్చింది! ఇక్కడేమి చేస్తున్నావు అన్న ప్రశ్న నలభై రోజుల తరవాత, హోరేబు కొండ దగ్గర వచ్చింది. ఆ తరవాత నిమ్మళమైన స్వరం. ఆ తరవాత, అతని పని అందుకోవడానికి ఎలీషా. నువ్వు ఒక్కడివే కాదు, ఇంకా ఏడు వేలమంది ఉన్నారన్న మాట కూడా. వార్డులో నేను నేర్చుకున్న వరుస కూడా ఇదే. మొదట నీళ్ళు, నిద్ర, ఆహారం. మాటలు తరవాత.

కాబట్టి మీరు ఈ వారంలో చేయవలసిన పనులు చెప్తాను. ఆదివారపు బడి, కూడిక లెక్కలు ఆరు నెలలు వేరొకరికి అప్పగించండి. అడగవద్దు, చెప్పండి. ఫలానా ఆదివారం నుంచి నేను రాను, పుస్తకాలు ఇవిగో అని. అన్నయ్యలకు "నాకు కష్టంగా ఉంది" అని చెప్తే ఓదార్పు మాటలు వస్తాయి, మనిషి రాడు. అలా కాకుండా ఫలానా వారం మీరు వచ్చి ఉండండి, రాలేకపోతే వారానికి మూడు రాత్రులు ఒక మనిషిని పెట్టే ఖర్చు మీది అని స్పష్టంగా రాయండి. మోషే కూడా ఈ జనాన్ని ఒంటరిగా మోయలేను, ఇలాగే చేసేటట్లయితే నన్ను చంపు అని దేవుడితోనే అన్నాడు. దేవుడు అతనికి ఇచ్చింది డెబ్బైమంది పెద్దలను. ఈ భారం నువ్వు ఒంటరిగా మోయకుండా వాళ్ళు నీతోపాటు భరిస్తారన్నాడు. సంఖ్యాకాండం 11లో ఉంది. బలం కోసం ప్రార్థిస్తే మనుషులు రావడం చిన్న జవాబు అనుకోవద్దు.

ఇంకొకటి, రక్తపరీక్ష చేయించుకోండి. రక్తహీనత ఉన్నా, థైరాయిడ్ తక్కువగా పనిచేస్తున్నా మనిషి ఇలాగే నీరసపడిపోతుంది. అవి ప్రార్థనలోపం కింద లెక్క కట్టుకుంటూ ఏళ్ళు గడిపిన స్త్రీలను నేను చాలామందిని చూశాను.

ప్రార్థన గురించి. మావారికి క్యాన్సరు చికిత్స జరిగిన కాలంలో నాకు ప్రార్థన రాలేదు. మోకరిస్తే నిద్ర వచ్చేది, లేదా మనసు మొద్దుబారి ఉండేది. మా సంఘంలో ఒకావిడ మంగళవారం సాయంత్రాలు వచ్చి ఆయన దగ్గర కూర్చునేది. "వెళ్ళి పడుకో, నీ బదులు నేను ప్రార్థన చేస్తాను" అనేది, అంతే. నేను పక్క గదిలో పడుకునేదాన్ని. ఆ రోజుల్లో నా విశ్వాసం అంటూ ఏదైనా ఉంటే అది ఆవిడ చేతుల్లో ఉంది. మార్కు సువార్త రెండో అధ్యాయంలో పక్షవాతరోగిని నలుగురు మోసుకొచ్చి, కప్పు విప్పి, యేసు ముందుకు దింపారు. "యేసు వారి విశ్వాసము చూచి" మాట్లాడాడని అక్కడ రాసి ఉంది. మంచంమీద ఉన్నవాడు నోరు తెరిచి ఏమన్నా అన్నాడని ఎక్కడా లేదు. మీ మంచం నాలుగు మూలలు పట్టుకోవడానికి ఎవరున్నారో ఆలోచించండి. ఒక్కరు కనిపించినా ఈ రోజే ఫోను చేయండి. మీరు చేసే ప్రార్థన ఒక్క వాక్యమైతే చాలు. నాన్నగారి పక్క మార్చేటప్పుడు "ప్రభువా, నన్నూ ఎత్తుకో" అనండి. అక్షరాలు లోపలికి దిగనప్పుడు బైబిలు చదవవద్దు, ఎవరైనా చదువుతుంటే వినండి.

ప్రశ్న: అమ్మగారికి వందనాలు. నాకు ఇరవై ఆరేళ్ళు. రోజూ ఇంటికి చేరేసరికి రాత్రి పది దాటుతుంది. మా యౌవనుల కూటంలో ప్రతి శుక్రవారం రాత్రంతా ప్రార్థన ఉంటుంది. అర్ధరాత్రి దాటాక నేను కునుకు తీస్తున్నానని స్నేహితులు "ఒక గడియయైనను మేల్కొనలేవా" అంటున్నారు. శిష్యుల్లాగా నేనూ ప్రభువును నిరాశపరుస్తున్నానేమో అని బాధగా ఉంది.

జవాబు: బాబూ, మీ స్నేహితులు అంటున్నది యేసు పట్టుబడిన రాత్రి గెత్సేమనే తోటలో శిష్యులతో అన్న మాట కాబట్టి ఆ తోటలోకే వెళ్దాం. యేసు ఆ మాట అన్నది నిజం, అందులో బాధ ఉందన్నదీ నిజం. కానీ ఆ వెంటనే "ఆత్మ సిద్ధమే గాని శరీరము బలహీనము" అని శిష్యుల తరఫున కారణం కూడా ఆయనే చెప్పాడు. లూకా ఇంకొక సంగతి చేర్చాడు. వాళ్ళు దుఃఖంచేత నిద్రపోతున్నారట. కొలొస్సీ పత్రికలో పౌలు లూకాను వైద్యుడని పిలుస్తాడు. దుఃఖం మనిషిని ఎలా నిద్రలోకి లాగేస్తుందో వైద్యుడికి తెలిసి ఉంటుంది. మత్తయిలో మూడోసారి తిరిగి వచ్చినప్పుడు ప్రభువు "ఇక నిద్రపోయి అలసట తీర్చుకొనుడి" అన్నాడు. మీ స్నేహితులు మొదటి మాట మాత్రమే పట్టుకున్నారు.

యేసు రాత్రంతా ప్రార్థించాడు, అందులో సందేహం లేదు. పన్నెండుమందిని ఏర్పరచుకోవడానికి ముందు రాత్రి అలాగే గడిపాడని లూకా రాశాడు. అదే యేసు తుపానులో దోనె వెనకభాగంలో తలగడమీద తల పెట్టి నిద్రపోయాడు. సమరయలో బావి దగ్గర అలసి కూర్చున్నాడు. శిష్యులు తిండికి కూడా తీరిక లేకుండా తిరుగుతుంటే "మీరేకాంతముగా అరణ్య ప్రదేశమునకు వచ్చి, కొంచెముసేపు అలసట తీర్చుకొనుడి" అన్నాడు. మెలకువ ఎంత ఆజ్ఞో విశ్రాంతీ అంతే ఆజ్ఞ. పది ఆజ్ఞల్లో విశ్రాంతిదినం ఒకటి. ద్వితీయోపదేశకాండం ఐదో అధ్యాయంలో దానికి కారణం కూడా ఉంది. మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, అక్కడినుంచి విడిపించాను, అందుకని విశ్రమించండి, మీ దాసుణ్ణీ దాసినీ కూడా విశ్రమించనివ్వండి అని. విశ్రాంతి విడుదల పొందినవారికి ఇచ్చిన హక్కు.

నెలకు ఒకసారి, మరునాడు సెలవున్న రాత్రి, ముందుగా నిద్రపోయి వెళ్ళండి. మిగతా శుక్రవారాలు పదకొండుకల్లా లేచి ఇంటికి వెళ్ళండి. కునుకు తీస్తూ బండి నడపవద్దు. పొద్దున్న మనసు తేటగా ఉన్నప్పుడు ప్రార్థనకు కూర్చోండి. కూటం నాయకుడితో చాటుగా కాకుండా ఎదురుగానే చెప్పండి. మీరు చెప్తే, చెప్పలేక కూర్చున్న ఇంకో ఇద్దరికి మేలు జరుగుతుంది.

ప్రశ్న: నేను ఒక చిన్న సంఘానికి కాపరిని. ఏళ్ళ తరబడి సెలవు తీసుకోలేదు. మరణాలు, తగాదాలు, ఆసుపత్రులు, అర్ధరాత్రి ఫోన్లు. కొన్ని వారాలుగా రాత్రి మూడుకు మెలకువ వచ్చి మళ్ళీ పట్టడం లేదు, ఆకలి లేదు. ఆదివారం ప్రసంగిస్తాను, నా మాటలు నాకే దూరంగా వినిపిస్తాయి. ఒక్కోసారి నేను లేకపోతే బాగుండును అనిపిస్తోంది. ఎవరికి చెప్పను? కాపరే పడిపోయాడని తెలిస్తే మంద చెదిరిపోదా?

జవాబు: అయ్యగారూ, మొదట ఆ చివరి మాట. నేను లేకపోతే బాగుండును అన్న ఆలోచన ఈ రాత్రికే ఒక మనిషికి తెలియాలి. ఇంట్లో మీ భార్యకు చెప్పండి, లేదా నమ్మకమైన స్నేహితుడికి. వాళ్ళను వెంటబెట్టుకుని ఈ వారంలోనే వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. ఆలోచన బలపడితే వారం కూడా ఆగవద్దు, ఒంటరిగా ఉండవద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. తెల్లవారుజామున మెలకువ, ఆకలి పోవడం, మనసు దేనికీ స్పందించకపోవడం, ఇవన్నీ కలిసి వారాల తరబడి ఉంటే వైద్యులు దాన్ని జబ్బుగా చూస్తారు, దానికి చికిత్స ఉంది. మందు వేసుకోవడం విశ్వాసానికి ఎదురు కాదు. పౌలు తన శిష్యుడు తిమోతికి కడుపు జబ్బుకోసం ద్రాక్షారసం కొంచెం తీసుకోమని రాశాడు, ఇంకా ఎక్కువ విశ్వాసం పెట్టమని రాయలేదు. తనతో ప్రయాణించిన త్రోఫిము రోగిగా ఉన్నందువల్ల మిలేతులో విడిచివచ్చానని నిర్మొహమాటంగా రాశాడు.

ఇక మంద చెదిరిపోతుందన్న భయం. పౌలు కొరింథీయులకు, ఆసియలో మాకు వచ్చిన శ్రమ "మీకు తెలియకుండుట మాకిష్టములేదు" అని రాసి, శక్తికి మించిన భారంతో కుంగిపోయామనీ, బతుకుతామన్న నమ్మకం కూడా లేకపోయిందనీ చెప్పాడు. తాను స్థాపించిన సంఘానికే చెప్పాడు. ఆ ఉత్తరం వల్ల సంఘం కూలిపోలేదు. మనం ఈ రోజుకీ దాన్ని చదివి ధైర్యం తెచ్చుకుంటున్నాం.

దావీదు అంటే ప్రసంగాల్లో గొల్యాతు కథే ఎక్కువ వినిపిస్తుంది. రెండో సమూయేలు 21వ అధ్యాయంలో మరో యుద్ధం ఉంది. దాని గురించి ఎందుకు ప్రసంగించరో నాకు అర్థం కాదు. అక్కడ దావీదు ఫిలిష్తీయులతో పోరాడుతూ సొమ్మసిల్లాడు. ఇష్బిబేనోబు అనేవాడు అతణ్ణి చంపబోయాడు. సెరూయా కుమారుడు అబీషై అడ్డుపడి కాపాడాడు. అప్పుడు దావీదు మనుషులు, ఇశ్రాయేలీయుల దీపం ఆరిపోకుండా ఉండాలంటే ఇకమీదట నువ్వు మాతో యుద్ధానికి రాకూడదని ప్రమాణం చేయించారు. రాజు అలసిపోవడం చూసి వాళ్ళు అతణ్ణి వదిలి పోలేదు. మరింత ప్రేమగా చుట్టూ నిలిచారు. కానీ అబీషై పక్కన ఉండబట్టే అది సాధ్యమైంది. మీ పక్కన పోరాడేవారిని ఎవరినైనా ఉండనిచ్చారా? పెద్దలను పిలిచి రెండు నెలల సెలవు అడగండి. ఫోను ఒక పెద్దకు అప్పగించండి. వేరే సంఘ కాపరి ఒకరిని మీ కాపరిగా పెట్టుకోండి, మీరూ వెళ్ళి వెనక వరసలో కూర్చుని వాక్యం వినండి.

ఈ పత్రిక చదివే సంఘ పెద్దలకు కూడా ఒక మాట: మీ కాపరి ఇలాంటి ఉత్తరం రాసేదాకా ఆగవద్దు. సెలవు ఎప్పుడు తీసుకుంటారని మీరే అడగండి.

ప్రశ్న: మా ఇంట్లో పసిబిడ్డ, ఇంకో ఇద్దరు చిన్నపిల్లలు. నా భార్య పూర్తిగా అలసిపోయింది. ప్రార్థన కూడా మానేసింది. ఆమెను బలపరచడానికి ఏ వాక్యం చదివి వినిపించమంటారు?

జవాబు: తమ్ముడూ, ఈ వారం ఏ వాక్యమూ వద్దు. రాత్రి బిడ్డ ఏడిస్తే మీరు లేవండి. పాలు ఇవ్వాలంటే బిడ్డను ఆమె దగ్గరికి తీసుకెళ్ళి, తాగాక మీరే తీసుకుని భుజాన వేసుకోండి. శనివారం పెద్దపిల్లలిద్దరినీ బయటికి తీసుకెళ్ళండి, మధ్యాహ్నం దాకా తిరిగి రావద్దు. ప్రార్థన మానేసింది అన్నారు, ఆమె పక్కన కూర్చుని మీరు ఆమెకోసం చేయండి, ఆమె కళ్ళు మూసుకుని నిద్రపోయినా సరే. బిడ్డ పుట్టాక వారాల తరబడి ఏడుపు, బిడ్డమీద ఆసక్తి లేకపోవడం, భయం వంటివి కనిపిస్తుంటే డాక్టరుకు చూపించడం ఆలస్యం చేయవద్దు. ఆమె తనంతట తాను ఏదైనా చదవమని అడిగిన రోజున ఇరవై మూడో కీర్తన చదవండి. "నా ప్రాణమునకు ఆయన సేదదీర్చుచున్నాడు" అన్న చోట ఆగండి, వివరించవద్దు. నెల తరవాత ఆమె ఎలా ఉందో నాకు రాయండి. వీలైతే ఆమెనే రాయమనండి.